కాళ్ల రంగు తర్వాత చూద్దాం

పక్షుల పుస్తకాలన్నీ చెప్పే మాట ఒకటే. లిటిల్ స్టింట్‌కు నల్ల కాళ్లు, టెమ్మింక్స్ స్టింట్‌కు పసుపు కాళ్లు. తేడా తెలిసిపోయింది కదా, ఇక పేజీ తిప్పెయ్యొచ్చు. ఈ సలహాలో తప్పేమీ లేదు. కానీ హైదరాబాద్ చెరువుల దగ్గర కొత్తగా పక్షులు చూడటం మొదలుపెట్టినవాళ్లకు మొట్టమొదట చెప్పాల్సింది ఇది కాదని నా వాదన. పిట్ట ఎక్కడ నిలబడింది, ఎలా నడుస్తోంది అన్నది ముందు చూడాలి. కాళ్ల సంగతి ఆ తర్వాత. ఇది పనీపాటా లేని బర్డర్ల గొడవలా కనిపిస్తుందని నాకూ తెలుసు. కొంచెం ఓపిక పడితే ఇది కాలనీ అసోసియేషన్ మీటింగ్ దాకా వెళ్తుంది.

ఈ పిట్టలను ఎప్పుడూ చూడనివాళ్ల కోసం నాలుగు మాటలు. రెండూ ఉల్లంకి పిట్టల కుటుంబానివి, ఒకే కాలిడ్రిస్ ప్రజాతివి. పొడవు 13, 14 సెంటీమీటర్లు, బరువు పాతిక గ్రాములకు అటూ ఇటూ. ఉత్తర యూరప్‌లోనూ సైబీరియాలోనూ గుడ్లు పెడతాయి. చలికాలానికి కొన్ని ఆఫ్రికాకు, కొన్ని మన దేశానికి దిగుతాయి. మన చుట్టుపక్కల సెప్టెంబరు నాటికి కనిపించడం మొదలై, ఏప్రిల్ దాటాక దాదాపు మాయమవుతాయి. ఈ రెండింటికీ శాస్త్రీయ వర్ణన రాసింది ఒకే మనిషి, అదీ ఒకే ఏడాది, 1812లో. ఆయన పేరు లైస్లర్, జర్మన్ వైద్యుడు. చిన్నదానికి మినూటా అని పేరు పెట్టి, రెండోదానికి డచ్ ప్రకృతి శాస్త్రవేత్త టెమ్మింక్ పేరు పెట్టాడు. టెమ్మింక్ తర్వాత లైడెన్‌లోని ప్రకృతి చరిత్ర మ్యూజియానికి మొదటి డైరెక్టర్ అయ్యాడు. హిమాయత్ సాగర్ బురదలో తిరిగే పిట్టకు ఆయన పేరు ఉండటం తమాషాగానే ఉంటుంది.

లైస్లర్ కాలంలో పక్షిని గుర్తుపట్టడమంటే కాల్చి చేతిలోకి తీసుకుని చూడటమే. చేతిలో ఉన్న పిట్టకు కాళ్లుంటాయి, ముక్కుంటుంది, తోక ఈకలుంటాయి. అది ఏ గడ్డి పక్కన తిరిగింది, పరిగెత్తిందా, నక్కి నడిచిందా అన్నది చేతిలో ఉండదు. పుస్తకాల్లో గుర్తుల జాబితాలు చాలావరకు ఆ చూపు నుంచే వచ్చాయని నాకు అనిపిస్తుంది. ఇప్పుడు తుపాకీ పోయి కెమెరా వచ్చింది గానీ పద్ధతి పెద్దగా మారలేదు. ఆరు వందల మిల్లీమీటర్ల లెన్సుతో తీసి, చుట్టూ ఉన్నదంతా క్రాప్ చేసి, పిట్టను మాత్రం మిగిల్చి వాట్సాప్ గ్రూపులో పెట్టి "ఐడీ ప్లీజ్" అంటారు. కాళ్లకు మోకాలిదాకా బురద. మసక వెలుతురు. అరడజను మంది లిటిల్ అంటారు, ఇద్దరు టెమ్మింక్స్ అంటారు. తేల్చగలిగే ఆధారం ఏదైతే ఉందో అది క్రాప్‌లో పోయింది.

కాబట్టి క్రాప్ చేయకముందు ఏం కనిపిస్తుందో చెప్తాను.

లిటిల్ స్టింట్ బహిరంగంగా బతికే పిట్ట. నీళ్లు వెనక్కి వెళ్లిన చోట, గడ్డిపోచ కూడా లేని నున్నని తడి బురద మీద, ఎండలో, అందరికీ కనిపించేలా తిరుగుతుంది. ఒంటరిగా తక్కువ, గుంపుగా ఎక్కువ. దాని తొందర చూస్తే మనకు టెన్షన్ వస్తుంది. నాలుగడుగులు పరిగెత్తి, టకటకా నాలుగు పొడుపులు పొడిచి, మళ్లీ పరుగు. ముక్కు సన్నగా, నల్లగా, సూటిగా ఉంటుంది. చలికాలంలో వీపు బూడిద రంగు, పొట్ట తెలుపు. రొమ్ముకు రెండు పక్కలా కొద్దిగా బూడిద మరక ఉన్నా మధ్యలో తెల్లగానే ఉంటుంది. దూరం నుంచి చూస్తే మొత్తం మీద తెల్లని పిట్ట అనిపిస్తుంది. మార్చి చివరికి, ఏప్రిల్‌లో కొన్నిటికి తల మీద, వీపు మీద ఇటుక రంగు వస్తుంది. ప్రయాణానికి ముందు వేసుకునే కొత్త బట్టలు అవి. అప్పుడు చూసినవాళ్లు ఇదేదో మూడో పిట్ట అనుకుంటారు.

టెమ్మింక్స్ స్టింట్ స్వభావమే వేరు. అది నున్నని బురద మధ్యలోకి రావడానికి ఇష్టపడదు. బురద ఎక్కడ ఆగి తుంగ, గరిక ఎక్కడ మొదలవుతాయో ఆ గీత దానిది. మోకాళ్లు వంచి, పొట్ట నేలకు దాదాపు ఆనించి, ఇంట్లో పడిపోయిన చెవిదిద్దు కోసం వెతికే మనిషిలా అంగుళం అంగుళం చూసుకుంటూ కదులుతుంది. పరుగు తక్కువ. గుంపు కూడా తక్కువ, ఒకటో రెండో, మహా అయితే నాలుగైదు అక్కడక్కడా. గేదె గిట్టలు దిగిన గుంటల్లో దాన్ని చూడటం చాలా మామూలు. గుంట అంచు మీద నుంచి తల మాత్రమే కనిపిస్తుంది. వీపు మట్టి రంగు, రొమ్ము అడ్డంగా మొత్తం బూడిద గోధుమ రంగు. అందుకే కామన్ శాండ్‌పైపర్ అనే ఇంకో పెద్ద ఉల్లంకిని కుదించి చేసినట్టు ఉంటుందని చూసినవాళ్లు అంటారు. లిటిల్ ముఖం మీద కంటిపైన తెల్ల గీత తెలుస్తుంది. దీని ముఖంలో అలాంటి విశేషం ఏదీ లేదు, కంటి చుట్టూ సన్నని లేత వలయం తప్ప. ఒళ్లు కొంచెం సాగినట్టుంటుంది, తోక రెక్కల కొసలు దాటి కాస్త బయటికి వస్తుంది. ముక్కు కొస అతి కొద్దిగా కిందికి వంగుతుంది, కానీ దాన్ని నమ్ముకుని నిర్ణయం తీసుకోవద్దు.

ఇప్పుడు కాళ్లు. టెమ్మింక్స్ కాళ్లు పొట్టిగా, పసుపుగానో కొంచెం ఆకుపచ్చ కలిసిన పసుపుగానో ఉంటాయి. శుభ్రంగా ఉంటే ఇంతకన్నా మంచి గుర్తు లేదు. శుభ్రంగా ఉండవు, అదే సమస్య. మన నల్లరేగడి బురద ఏ కాలునైనా నల్లకాలు చేసేస్తుంది.

బెదిరి లేచినప్పుడు ఇద్దరి దారీ వేరు. డేగ నీడ పడగానే లిటిల్ గుంపు ఒక్కసారిగా లేచి, కలిసి తిరిగి, కలిసి ఇంకో చోట దిగుతుంది. గొంతు పొట్టిగా, పొడిగా "స్టిట్, స్టిట్" అంటుంది. టెమ్మింక్స్ చివరిదాకా కదలదు. మనం దాదాపు తొక్కేంత దగ్గరికి వెళ్లాక కాళ్ల దగ్గర నుంచి నిటారుగా లేచి, వంకరటింకరగా పైపైకి పోతుంది. పోతూ "టిర్ర్ర్" అని కీచురాయిలా సాగదీస్తుంది. ఆ గొంతు ఒకసారి చెవిన పడితే మళ్లీ పుస్తకం తెరవక్కర్లేదు. దిగేటప్పుడు తోక విప్పితే రెండు పక్కల ఈకలు స్వచ్ఛమైన తెలుపు. లిటిల్‌కు అవి బూడిద రంగు.

ఇవన్నీ విడివిడి గుర్తులుగా బట్టీ పట్టొద్దని నా మాట. ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి. దాక్కోవడానికి ఏమీ లేని చోట తిరిగే పిట్టకు గుంపే రక్షణ. అన్ని కళ్లలో ఏదో ఒక కన్ను డేగను చూస్తుంది. గడ్డి అంచున తిరిగే పిట్టకు మట్టి రంగు రొమ్ము, వంగిన నడక, చివరిదాకా కదలకపోవడం పనికొస్తాయి. గుంపు ఉంటే దానికి దాక్కోవడమే కుదరదు. నివాసం తెలిస్తే మిగతా గుర్తులు వాటంతటవే గుర్తొస్తాయి. ఒక్క కాళ్ల రంగు మాత్రం ఎందుకలా ఉందో నివాసం చెప్పదు.

(గూళ్ల దగ్గర టెమ్మింక్స్ కథ ఇంకా విచిత్రం. ఆడపిట్ట ఒక మగపిట్ట ప్రాంతంలో నాలుగు గుడ్లు పెట్టి, వాటిని అతనికి వదిలేసి, వేరే మగపిట్ట దగ్గరికి వెళ్లి మరో నాలుగు పెట్టి, ఆ రెండో విడతను తనే పొదుగుతుంది. ఫిన్లాండ్ శాస్త్రవేత్త ఒలావి హిల్డెన్ 1970ల్లో దీన్ని వివరంగా రాశాడు. మనకు ఇక్కడ అదేమీ కనిపించదు. మనం చూసేది ఆ సంసారాలన్నీ ముగించుకుని వచ్చి నిమ్మళంగా తింటున్న పిట్టను.)

ఇక చెరువు సంగతి. దక్కన్ చెరువు వానాకాలంలో నిండుతుంది. మత్తడి దూకాక, అక్టోబరు నుంచి మెల్లగా తగ్గడం మొదలవుతుంది. కట్ట వైపు లోతు కాబట్టి అక్కడ తేడా తెలియదు. కట్టకు ఎదురుగా, నీళ్లు వచ్చే వైపు నేల చాలా తక్కువ వాలుతో, పళ్లెంలా ఉంటుంది. అక్కడ నీటిమట్టం జానెడు తగ్గితే ఎకరాల కొద్దీ తడి నేల బయటపడుతుంది. దాన్నే శిఖం అంటాం. రెవెన్యూ రికార్డుల్లో చెరువు శిఖం, ఊరి నోట శిఖం భూమి. నీళ్లు తగ్గాక రైతులు అందులో పంట వేసుకునేవాళ్లు, పశువులు మేసేవి.

స్టింట్లు ఇక్కడికి వచ్చేది దాదాపు చెరువు తగ్గడం మొదలయ్యే కాలానికి. వెళ్లిపోయేది అది ఎండిపోయే కాలానికి. ఈ రెండిటి మధ్యా ఆరేడు నెలలు చెరువు రోజూ కొంచెం కొత్త బురద తెరిచి పెడుతుంది. అందులో నీటి పురుగుల లార్వాలు నిన్నటిదాకా నీళ్ల కింద ఉన్నవి, ఇవాళ ముక్కుకు అందేవి. నాలుగు రోజుల తర్వాత ఆ నేల గట్టిపడుతుంది, ముక్కు దిగదు. అప్పటికి ఇంకో పట్టీ తడిగా బయటపడి ఉంటుంది. ఎండిన పట్టీలో గరిక, తుంగ మొలుస్తాయి. అంటే నీళ్ల వైపు నుంచి చూస్తే, ముందు నున్నని బురద, దాని వెనక మొలక గడ్డి కలిసిన బురద, దాని వెనక గడ్డి. మొదటిది లిటిల్‌ది, రెండోది టెమ్మింక్స్‌ది. రెండిటికీ మధ్య కొన్ని చోట్ల పది అడుగులు కూడా ఉండదు. ఈ పట్టీలు మార్చి దాకా నీళ్లతో పాటు లోపలికి జరుగుతూనే ఉంటాయి.

చెరువు తగ్గకపోతే ఇందులో ఏదీ జరగదు. హైదరాబాద్‌లో చెరువులు తగ్గడం మానేస్తున్నాయి. మురుగు కాలువలు ఏడాది పొడుగునా వచ్చి పడే చెరువుకు వేసవి అంటూ లేదు. పైగా గుర్రపుడెక్క అంచుదాకా కప్పేస్తే బురద అన్నదే కనిపించదు. జంట జలాశయాల కథ వేరు. 1908 మూసీ వరదల తర్వాత కట్టిన ఉస్మాన్ సాగర్ (గండిపేట), హిమాయత్ సాగర్ చాలా ఏళ్లు నగరానికి తాగునీళ్లిచ్చాయి. కృష్ణా, గోదావరి నీళ్లు వచ్చాక వాటి మీద ఆధారం తగ్గింది. తోడుకునేది తక్కువైతే బయటపడే నేలా తక్కువే. మంచి వానల తర్వాతి ఫిబ్రవరిలో నిండుగా ఉన్న గండిపేటను చూసి అందరూ సంతోషిస్తారు. నేనూ నగరవాసినే, సంతోషిస్తాను. కానీ ఆ ఫిబ్రవరిలో స్టింట్లను వెతకడానికి అక్కడికి వెళ్లను.

ఇక్కడో మాట చెప్పాలి. కంపు కొట్టే బురదంటే స్టింట్లకు అసహ్యం లేదు. మురుగు కలిసిన నీళ్లలో పెరిగే ఎర్ర పురుగులు వాటికి మంచి తిండి. నీళ్లు శుభ్రమైతే పక్షులన్నీ తిరిగొస్తాయనే మాట సగం నిజం. వీటి విషయంలో నీటి నాణ్యత కన్నా నీటి ఎత్తు, అంచు వాలు ముఖ్యం. ఇది చెబితే మురుగును వెనకేసుకొస్తున్నావా అని అడుగుతారు. లేదు, శుద్ధి చేసే ప్లాంట్లు కట్టాల్సిందే. శుద్ధి చేసిన నీళ్లనూ ఏడాది పొడుగునా ఒకే మట్టంలో నిలబెట్టొద్దు అంటున్నాను.

సుందరీకరణ అంటే ఏం చేస్తారో మనందరికీ తెలుసు. చుట్టూ రింగ్ బండ్, లోపలి వైపు నిలువుగా రాతి కట్టడం, పైన వాకింగ్ ట్రాక్, మధ్యలో చిన్న దీవి, ఒక ఫౌంటెన్, గేటు దగ్గర పెలికాన్, ఫ్లెమింగో బొమ్మలతో బోర్డు. పక్షులు వస్తాయా అంటే వస్తాయి. నీటికాకులు, నామాల కోళ్లు, గూడకొంగలు, ఆ దీవి మీద గుడ్డికొంగలు. లోతు నీళ్లలో మునిగేవాటికీ, చెట్టెక్కేవాటికీ ఇబ్బంది లేదు. అందుకే "మా చెరువులో పక్షులు పెరిగాయి" అనేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. రాతి గోడకు ఆనుకున్న నీళ్లలో బురద పట్టీ ఉండదు, గడ్డి అంచు అసలే ఉండదు. పోయేవాటిలో మొదటిది టెమ్మింక్స్. నీళ్లు ఎంతో కొంత తగ్గి కాస్త బురద తేలితే లిటిల్ గుంపు కొద్దిరోజులు సర్దుకుంటుంది. గడ్డి పీకేసిన చోట టెమ్మింక్స్‌కు నిలబడే గీతే లేదు.

మా వైపు ఒక చెరువు గురించి కాలనీ మీటింగ్ జరిగింది. కట్టకు ఎదుటి వైపు గడ్డి పీకించి, చదును చేసి, రాయి పేర్పించాలని ప్రతిపాదన. నేను లేచి ఆ వైపు వదిలేయమన్నాను.

"అక్కడేముంది సార్, బురద. పిల్లలు జారి పడతారు, దోమలు," అన్నారు అధ్యక్షులు.

"అక్కడే చలికాలం పక్షులు తింటాయండీ."

"పక్షులకు దీవి కట్టిస్తున్నాం కదా!"

ఆయన మంచి మనిషే, చెరువు కోసం సొంత డబ్బు పెట్టినవారే. దోమల సంగతి కూడా తోసిపుచ్చలేం. గిట్టల గుంటల్లో నిలిచిన నీళ్లలో దోమలు గుడ్లు పెడతాయి, నిజమే. కానీ మన ఇళ్లలోకి దండెత్తే క్యూలెక్స్ దోమకు బాగా నచ్చేది మురుగు కలిసి నిలిచిన నీళ్లు, గుర్రపుడెక్క కింది నీడ. రాయి పేర్చినంత మాత్రాన ఆ రెండూ పోవు. ఇది చెప్పాను. పిచ్చుకంత పిట్ట కోసం ఇంత వాదనా అన్నట్టు చూశారు. చివరికి కట్ట వైపు పనులు ముందు చేద్దాం, ఎదుటి వైపు తర్వాత ఆలోచిద్దాం అన్నారు. అదింకా ఆలోచనలోనే ఉంది, నాకు అది చాలు.

నగరంలో చెరువుల చర్చ అంతా ఎఫ్‌టీఎల్, బఫర్ జోన్ చుట్టూ తిరుగుతుంది. చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో అది ఎఫ్‌టీఎల్, పది హెక్టార్లు, ఆ పైన ఉన్న చెరువైతే దాని బయట ఇంకో 30 మీటర్లు బఫర్. ఆ గీత కాపాడాలి, దాని కోసం కొట్లాడేవాళ్లకు దండం. అయితే గీత దాటి ఇల్లు లోపలికి రాకపోతే చాలు, లోపల ఏం చేసినా అభివృద్ధే అన్నట్టు తయారైంది. గీత లోపల కూడా ఒక నేల ఉంది, అది ఆరు నెలలు నీళ్ల కింద, ఆరు నెలలు బయట. ఎండాకాలంలో అది ఖాళీ స్థలంలా కనిపించడం వల్లే కబ్జా అవుతుంది. ఖాళీ స్థలంలా కనిపించడం వల్లే సుందరీకరణా అక్కడే మొదలవుతుంది. కబ్జాదారుడూ, పార్కు కాంట్రాక్టరూ ఒకే కంటితో చూస్తారని అంటే కొందరికి కోపం వస్తుంది. శిఖంలో ఏమీ లేదని ఇద్దరూ నమ్ముతారన్నది మాత్రం నిజం.

రెండూ మామూలు పిట్టలే కదా, ప్రపంచ జాబితాల్లో ప్రమాదం లేనివే కదా అని నా మిత్రుడొకరు అంటాడు. నిజమే, రెండూ ఆ వర్గంలోనే ఉన్నాయి. వీటి దగ్గరి బంధువు కర్ల్యూ శాండ్‌పైపర్ కూడా చాలాకాలం అదే వర్గంలో ఉండేది. 2024లో దాన్ని అంతరించే ముప్పున్న వాటిలో చేర్చారు. ఇంకో సంగతి, లిటిల్ స్టింట్‌కు సముద్రతీరం కూడా ఉంది. పులికాట్ ఉంది, కాకినాడ వైపు బురద మైదానాలున్నాయి, ఉప్పుమళ్లున్నాయి. టెమ్మింక్స్ ఉప్పునీటి వైపు పెద్దగా పోదు, మంచినీటి అంచుల పిట్ట అది. చెరువులు, వాగులు, వరిమడులు. తెలంగాణలాంటి చెరువుల నేల దానికి లిటిల్ కన్నా ఎక్కువ అవసరం. ఇద్దరినీ కలిపి "చిన్న ఉల్లంకులు, బోలెడున్నాయి" అని రాసుకుంటే, టెమ్మింక్స్ తగ్గడం లిటిల్ గుంపు వెనక కనిపించకుండా పోతుంది.

లెక్కల దగ్గర ఇదే జరుగుతోందని నా అనుమానం. ప్రతి జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతుంది, 1987 నుంచి. చెరువు దగ్గరికి వెళ్లినవాళ్లు స్కోపులో బురద మీది గుంపును చూసి, యాభై లిటిల్ అని రాస్తారు. గుంపు లిటిల్‌దే, అనుమానం లేదు. గడ్డి అంచును ఎవరూ వెతకరు, ఎందుకంటే అక్కడ ఏమీ కదలడం లేదు. టెమ్మింక్స్ గడి ఖాళీగా ఉంటుంది. ఖాళీ గడి అంటే పిట్ట లేదనా, వెతకలేదనా అన్నది పదేళ్ల తర్వాత ఆ కాగితం చూసేవాళ్లకు తెలియదు.

కాబట్టి ఈ జనవరిలో లెక్కకు వెళ్లేవాళ్లు గుంపును లెక్కపెట్టాక ఇంకో పావుగంట ఉండండి. సూర్యుడు వీపు వెనక ఉండేలా నిలబడి, బురదకూ గడ్డికీ మధ్య గీతను ఒక చివర నుంచి ఇంకో చివరకు మెల్లగా చూడండి. గిట్టల గుంటలు వదలొద్దు. గడ్డిలోకి నడిచి పిట్టలను లేపొద్దు, గొంతు వినాలన్న కోరిక ఉన్నా సరే, వాటి తిండి వేళ అది. ఫోటో తీస్తే క్రాప్ చేయనిది కూడా ఒకటి దాచుకోండి. రెండింటికీ విడివిడిగా అంకె రాయండి, తేల్చలేనిదాన్ని ఉత్త స్టింట్ అని రాసి వదిలెయ్యండి. దాని పక్కనే ఇంకో చిన్న మాట రాయండి: చెరువు అంచు ఎంతమేర మట్టిగా ఉంది, ఎంతమేర రాయిగా మారింది.